రెండుసార్లు కాలిన పై పిస్టన్: కళింగపట్నం తెప్ప ఇంజన్‌ని ఇంట్లో మళ్లీ కట్టిన పని

మార్చి ఆఖరి వారంలో మా పెద్ద బావ తెప్ప ఇంకో తెప్ప వెనక తాడు కట్టించుకుని కళింగపట్నం ఒడ్డుకి వచ్చింది. రేవుకి ఇంకా రెండు గంటల దూరం ఉందనగా ఇంజన్ గొంతు మారిందట, బరువు లాగుతున్నట్టు మూలిగిందట, ఒక్కసారి ఆగిపోయిందట. స్టార్టింగ్ తాడు లాగితే రాయిలా ఉంది. తెప్పలో ముగ్గురు మనుషులు, సగం తీసిన వల, దక్షిణం గాలి. మా ఊరి తెప్పే ఒకటి అటుగా వస్తూ చూడబట్టి సరిపోయింది. ఇంజన్ పాడైతే రోడ్డు మీద బండి పక్కన పెట్టుకున్నట్టు సముద్రంలో పెట్టుకోలేం, అందుకే ఈ పని మొత్తం వివరంగా రాస్తున్నాను.

నాకు ఎక్కువ బాధనిపించింది ఇంకొకటి. పది నెలల ముందు ఇదే ఇంజన్‌లో ఇదే పై పిస్టన్ కాలింది. అప్పుడు నేను ఊళ్లో లేను, బావ బయట ఒక షాపులో పిస్టన్ మార్పించాడు. ఇప్పుడు మళ్లీ అదే. ఇంజన్‌ని మా పెరట్లో దించుతూ బావ అన్న మొదటి మాట, "మళ్లీ అదే పిస్టన్ కదా, మార్చీసి ఇచ్చీ, నిషేధం అయిపోగానే వేటకెళ్లిపోతాను." నేను ఒప్పుకోలేదు. రెండోసారి కూడా పిస్టన్ ఒక్కటే మార్చి ఇస్తే మూడోసారి నడిసముద్రంలో ఆగుతుంది. పిస్టన్ చచ్చిపోయింది సరే, దాన్ని చంపింది ఎవరో ముందు తేలాలి.

ఇంజన్ సంగతి చెప్తాను. జపాన్ తయారీ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్, అంటే తెప్ప వెనక బయటికి తగిలించే ఇంజన్, రెండు సిలిండర్లు, 246 సీసీ, బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 56 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 50 మి.మీ., పెట్రోలు మీద నడుస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. నేను మొదట బైకు మెకానిక్‌ని, శ్రీకాకుళంలో ఆర్‌ఎక్స్ 100 ఇంజన్లు విప్పుతూనే పని నేర్చుకున్నాను. ఆ బండి తయారీ 1996లో ఆగిపోయినా అది నేర్పిన టూ స్ట్రోక్ లెక్క ఇప్పటికీ పనికొస్తోంది. తర్వాత గార మండలంలో మా ఊరికి వచ్చేసి, పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని తెప్పల ఇంజన్లు చేస్తున్నాను. పెద్ద మెషీన్లు ఏవీ లేవు. సిలిండర్ తొలిచి సైజు పెంచే బోరింగ్ లాంటివి టౌన్‌లో లేత్ షాపుకి ఇస్తాను, మిగతాదంతా ఇంటి దగ్గరే.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మాకు రిపేర్ల సీజన్ అదే. కాబట్టి తొందర లేదు. ఈసారి తొందర లేకపోవడమే ఈ ఇంజన్‌ని కాపాడిందని నా నమ్మకం.

ముందు ప్లగ్గులు తీసి చూశాను. కింద సిలిండర్ ప్లగ్గు ముదురు గోధుమ రంగులో, కాస్త తడిగా, ఉండాల్సినట్టే ఉంది. పై ప్లగ్గు సున్నం కొట్టినట్టు తెల్లగా, పొడిగా ఉంది, కొన మీద చిన్న చిన్న అల్యూమినియం గుళ్లు అతుక్కున్నాయి. ఇక్కడే సగం సమాధానం దొరికింది. ఈ ఇంజన్‌కి పెట్రోలు, గాలి కలిపే కార్బురేటర్ ఒక్కటే, రెండు సిలిండర్లకీ అదే పెట్రోలు, అదే ఆయిల్ మిక్సింగ్. కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న కన్నం (జెట్టు) మూసుకుపోయినా, ఆయిల్ తక్కువ కలిపినా రెండూ కాలాలి. ఒక్క పైదే కాలిందంటే తప్పు పై సిలిండర్‌కి మాత్రమే చెందిన చోట ఉంది. అలాంటి చోట్లు నాకు రెండే కనపడ్డాయి. నీళ్ల పంపు కింద గేరు దగ్గర ఉంటుంది కాబట్టి పై సిలిండర్‌కి నీళ్లు చివరగా చేరతాయి, దారిలో ఎక్కడ అడ్డు పడినా ముందు వేడెక్కేది అదే. రెండోది, ఇంజన్ పైన తిరిగే మ్యాగ్నెట్ చక్రం కింద, పిస్టన్లు తిప్పే ఇరుసు అయిన క్రాంక్ పై కొసన ఉండే ఆయిల్ సీలు.

ఆ సీలు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఆయిల్ సీలు అంటే ఆయిల్ కారకుండా ఆపేదే అనుకుంటారు. టూ స్ట్రోక్‌లో పెట్రోలు, ఆయిల్, గాలి కలిసిన మిక్చర్ నేరుగా సిలిండర్లోకి పోదు. పిస్టన్ పైకి పోయేటప్పుడు క్రాంక్ గదిలోకి పీల్చుకుంటుంది, కిందికి వచ్చేటప్పుడు అక్కణ్ణించి సిలిండర్లోకి నెడుతుంది. రెండు సిలిండర్లుంటే క్రాంక్ గదులూ రెండు, వేరువేరు. పై గదికి పైకప్పు లాంటిది ఈ సీలే. అది సడలితే పిస్టన్ పైకి పోయిన ప్రతిసారీ బయటి గాలి దూరుతుంది, ఆ గాలిలో పెట్రోలూ లేదు, ఆయిలూ లేదు. మంట వేడెక్కుతుంది, జిడ్డు తగ్గుతుంది, రెండూ ఒకేసారి. ఇంజన్ మాత్రం ఆగదు, పైగా కాస్త హుషారుగా తిరుగుతున్నట్టు కూడా అనిపిస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

విప్పకముందే ప్రెషర్ టెస్ట్ చేయాలి. విప్పేశాక సీలు ఎక్కడ వదిలిందో తెలిసే అవకాశం పోతుంది. నా దగ్గర కంపెనీ టెస్టర్ లేదు, ఎన్నో ఏళ్లుగా బీపీ మిషన్‌తో చేస్తున్నాను. డాక్టర్లు వాడే డయల్ రకం, రబ్బరు బుడ్డితో గాలి కొట్టేది. దాని స్కేలు 300 మి.మీ. పాదరసం దాకా ఉంటుంది, ప్రెషర్ కొలిచే పీఎస్ఐ లెక్కలో అది సుమారు 5.8, ఈ పనికి అంత చాలు, అంతకన్నా ఎక్కువ కొడితే మంచి సీళ్లు కూడా మడతపడతాయి. ఇంజన్ తల భాగాన్ని కాలు నుంచి విడదీసి, సైలెన్సర్ దారిని సైకిల్ ట్యూబు ముక్క, ఇనప బద్దతో బిగించి మూశాను, కార్బురేటర్ తీసి ఆ మూతినీ అలాగే మూశాను. ఒక ప్లగ్గు కన్నంలో పాత ప్లగ్గుకి అతికించిన పైపు, రెండోదానికి మామూలు ప్లగ్గు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగినా, పిస్టన్ గీరుకుపోయినా ఈ టెస్టుకి అడ్డం కాదు, గాలి రెండువైపులా నిండుతుంది. 300 కొట్టి చెయ్యి తీశానో లేదో ముల్లు జారిపోయి ఇరవై సెకన్లలో సున్నా. సబ్బు నీళ్లు పోస్తే మ్యాగ్నెట్ కింద నురగ పొంగింది. బావని పిలిచి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత, "అయితే ఆ పిస్టన్ తప్పేం లేదన్నమాట" అన్నాడు.

ఉప్పు నీటి ఇంజన్ విప్పడం వేరే విద్య. అల్యూమినియం బ్లాకులో స్టీలు బోల్టు ఉంటే, ఉప్పు నీటికి ఆ అల్యూమినియం తెల్ల పొడిగా మారి బోల్టుని వెల్డింగ్ చేసినట్టు పట్టేస్తుంది. బలం పెడితే విరుగుతుంది. మూడు రోజులు రోజూ రెండు పూటలా డీజిల్, తుప్పు వదిలించే స్ప్రే వేస్తూ, సుత్తితో బోల్టు తల మీద చిన్నగా తడుతూ ఉన్నాను. తర్వాత గ్యాస్ టార్చితో బోల్టు చుట్టూ వేడి చేసి కొవ్వొత్తి ఆనించాను, మైనం కరిగి మరల్లోకి పాకుతుంది, అప్పుడు కాస్త బిగించి, కాస్త వదులు చేసి, మళ్లీ బిగించి. పద్నాలుగింట్లో పదమూడు ఇలాగే వచ్చాయి. ఒక హెడ్ బోల్టు మాత్రం విరిగింది, దాన్ని లేత్ షాపులో డ్రిల్ చేయించి కొత్త మర తొడిగించాను. జింక్ దిమ్మ మీద పెయింట్ ఉండటం అప్పుడే గమనించాను. పండక్కి తెప్పకి రంగులు వేసినప్పుడు ఇంజన్‌కీ వేశారట, దిమ్మతో సహా. దయచేసి ఆ దిమ్మకి రంగు వేయకండి. ఉప్పు నీరు అల్యూమినియాన్ని తినకుండా ముందు తాను కరిగిపోవడమే దాని పని, రంగు వేస్తే అది అక్కడ లేనట్టే.

హెడ్ తీశాక పై పిస్టన్ సైలెన్సర్ వైపు నిలువునా గీరుకుపోయి, పిస్టన్ లోహం బోరుకి మెత్తుకుని ఉంది. పై రింగు దాని గాడిలోనే అతుక్కుపోయింది. కింద పిస్టన్ మీద చిన్న గీతలే, అరుగుదల మామూలే. విప్పకముందు కొలిచిన కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే ప్రెషర్) పైదానిలో 60, కిందదానిలో 92 పీఎస్ఐ.

నా రెండో అనుమానం కూడా నిజమే అయింది. నీటి గది మూత తీస్తే పై సిలిండర్ చుట్టూ సగానికి పైగా ఉప్పు, సున్నం, సన్న ఇసుక కలిసి గట్టిగా పేరుకున్నాయి. వేడెక్కితే తెరుచుకుని నీళ్లు వదిలే థర్మోస్టాట్‌ని గిన్నెలో నీళ్లు పోసి, ల్యాబ్ థర్మామీటరు పెట్టి పొయ్యి మీద మరిగించి చూశాను, 50 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాల్సింది 70కి కూడా కదల్లేదు. మరి పక్కనుంచి నీటి ధార వస్తూనే ఉంది కదా అన్నాడు బావ. ఈ ఇంజన్‌లో ఆ ధార బ్లాకు కింద భాగంలోనే చీలి బయటికి వస్తుంది. పంపు పనిచేస్తోందని మాత్రమే అది చెప్తుంది, పై సిలిండర్ చుట్టూ నీళ్లు తిరుగుతున్నాయని చెప్పదు. అంటే పై పిస్టన్‌కి రెండు దెబ్బలు, సీలు నుంచి వట్టి గాలి, చుట్టూ తక్కువ నీళ్లు. ఒక్కొక్కటి విడిగా అయితే ఇంకొన్నాళ్లు లాగేదేమో. బ్లాకుని రెండు రోజులు గోరువెచ్చటి మంచినీళ్లలో నానబెట్టి, మిగిలిన సున్నాన్ని వెనిగర్ పోసి, సైకిల్ చువ్వతో, టూత్ బ్రష్‌తో వదిలించాను. ఇనప గరిటెలు, ఉలులు పెట్టి గోకకండి, ఆ గోడలు పలచన.

పాత పై సీలు బయటికి తీస్తే ప్లాస్టిక్ ముక్కలా గట్టిగా ఉంది. ఎప్పటిదో, ఇంజన్‌తో పాటు వచ్చిందే అయ్యుండాలి. ముందు చేసిన షాపువాళ్లు పిస్టన్ వేసిన పనిలో తప్పేమీ కనపడలేదు, కొలతలు బాగానే పెట్టారు. కానీ ఎందుకు కాలింది అని ఒక్క ప్రశ్న వేసుకోలేదు. ఆ ప్రశ్న విలువ ముగ్గురు మనుషులు.

క్రాంక్ తీసి పెట్రోలుతో కడిగి, బేరింగులు ఆయిల్ లేకుండా చేత్తో తిప్పి చూశాను, గరగర లేదు. పిస్టన్లని క్రాంక్‌కి కలిపే కాన్‌రాడ్లు పైకీ కిందకీ లాగితే వదులు లేదు. లేత్ షాపులో డయల్ పెట్టించి చూస్తే క్రాంక్ వంపు 0.02 మి.మీ., బాగుంది. కాబట్టి క్రాంక్ జోలికి పోలేదు. బోరు కొలిస్తే పైది గీతల దగ్గర 56.11, కిందది 56.04. 0.25 మి.మీ. పెద్దగా తొలిచినా గీతలు పోయేలా లేవు, రెండూ 0.50 ఓవర్‌సైజుకి, అంటే అర మి.మీ. పెద్ద పిస్టన్లకి వెళ్లాం. విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర షాపుల్లో పిస్టన్ సెట్లు, ప్యాకింగ్ సెట్టు, సీళ్లు, పంపు రబ్బరు, థర్మోస్టాట్ అన్నీ ఒకే రోజు దొరికాయి.

బోరింగ్‌కి ఇచ్చేటప్పుడు పిస్టన్లు కూడా ఇవ్వాలి, ఏ పిస్టన్ ఏ సిలిండర్‌దో మార్కు వేసి. పుస్తకంలో సైజు చూసి బోరు చేస్తే కుదరదు, చేతిలో ఉన్న పిస్టన్‌ని కొలిచి దానికి ఖాళీ వదలాలి. నేను 0.06 మి.మీ. ఖాళీ అడిగాను. తిరిగి వచ్చింది చూస్తే పైది 0.03 మాత్రమే ఉంది. "రన్నింగ్‌లో సెట్ అయిపోద్ది" అన్నాడు కుర్రాడు. సెట్ అవ్వదు, మొదటి అరగంటలో మళ్లీ పట్టేస్తుంది. వెనక్కి ఇచ్చి హోనింగ్ (రాయితో సన్నగా రుద్ది వెడల్పు చేయడం) చేయించాను. రెండో సంగతి, పోర్టుల అంచులు. బోరు చేశాక సిలిండర్ గోడలో ఉన్న కన్నాల అంచులు కత్తిలా తయారవుతాయి, రింగు వాటి మీదుగా వెళ్లేటప్పుడు తగులుకుని విరుగుతుంది. ఫోర్ స్ట్రోక్ పని ఎక్కువ చేసే షాపుల్లో ఇది గుర్తుండదు. నేను ఇంటి దగ్గర సన్న ఆకురాయి, ఎమరీ గుడ్డతో ప్రతి పోర్టు అంచునీ కొద్దిగా గుండ్రం చేశాను, వేలు పెడితే గీరుకోకూడదు, అంతవరకే. ఒక సాయంత్రం మొత్తం పట్టింది. తర్వాత సర్ఫు నీళ్లతో బోరు కడిగి, తెల్ల గుడ్డకి నల్ల మరక అంటనంత వరకు తుడిచి, వెంటనే ఆయిల్ రాశాను.

బిగింపులో ఎక్కువ చెప్పాల్సింది లేదు. పిస్టన్ మీద బాణం సైలెన్సర్ వైపు, రింగు నోళ్లు వాటి పిన్నుల దగ్గరే, పిన్ను లాకులు కొత్తవే. రింగు నోటి ఖాళీ బోరులో పెట్టి చూస్తే 0.22 మి.మీ. వచ్చింది. హెడ్ బోల్టులు మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో, టార్క్ రెంచితో. ప్రతి మరకీ మెరైన్ గ్రీజు, వచ్చేసారి విప్పేవాడు నేనే కావచ్చు.

అంతా బిగించి మళ్లీ బీపీ మిషన్ పెట్టాను. 300 కొడితే నిమిషంలో 240కి దిగింది. సబ్బు నీళ్లు మళ్లీ మ్యాగ్నెట్ వైపే నురగ చూపించాయి. కొత్త సీలు! ఆ రాత్రి నిద్ర పట్టలేదు, టెన్షన్‌తో. పొద్దున్నే సీలు పీకి క్రాంక్ కొసని వెలుగులో చూస్తే, పాత సీలు పెదవి ఏళ్ల తరబడి రాసుకుని సన్న గాడి పడి ఉంది, గోరు పెడితే తగులుతోంది. బేరింగులు చూశాను, వంపు చూశాను, ఇది చూడలేదు, తప్పు నాదే. కొత్త సీలు పెదవి సరిగ్గా ఆ గాడిలోనే కూర్చుంటోంది. మార్గం తేలికే, సీలు గూట్లో చోటు ఉంది కాబట్టి పాత లోతుకి కాకుండా 1 మి.మీ. పైకి కూర్చోబెడితే పెదవి అరగని లోహం మీద పడుతుంది. క్రాంక్‌ని 800 నంబరు ఎమరీతో ఆయిల్ వేసి పాలిష్ చేసి, ఇంకో సీలు తెప్పించి అలా పెట్టాను. ఈసారి 300 కొట్టి టీ తాగి వచ్చాను, అయిదు నిమిషాలకి 290. కిందటిసారి ఎవరైనా సీలు మార్చి ఉన్నా, ఈ గాడి చూడకపోతే పిస్టన్ మళ్లీ కాలిపోయేదే.

తర్వాత 200 లీటర్ల డ్రమ్ము నిండా మంచినీళ్లు, వేప చెట్టుకి కట్టిన దుంగ మీద ఇంజన్. నాలుగో లాగుడుకి స్టార్ట్ అయింది. మా అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది, ఆ శబ్దం తన ఇంటి శబ్దం కదా. పది నిమిషాలు ఐడిల్‌లో నడిపి టెంపరేచర్ గన్‌తో చూస్తే పై సిలిండర్ 58, కిందది 55 డిగ్రీలు. ఆ మూడు డిగ్రీల తేడా చూసి నాకు కలిగిన తృప్తి మాటల్లో చెప్పలేను. చల్లారాక కంప్రెషన్ పైది 105, కిందది 107.

మొదటి పది గంటలు లీటరు పెట్రోలుకి 40 మి.లీ. ఆయిల్, అంటే 25కి 1. ఆ ఆయిల్ టీసీ-డబ్ల్యూ3 రకం అయ్యుండాలి, నీళ్లతో చల్లబడే ఔట్‌బోర్డుల కోసం బూడిద మిగలకుండా చేసేది. బావ ఇన్నాళ్లూ బైకుల టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్, అదీ లూజుది, చేతి అంచనాతో పోస్తున్నాడు. పిస్టన్ కాలడానికి అది కారణం కాదు కానీ రింగు అతుక్కోవడంలో దాని వంతు ఉంది. ఇప్పుడు ఒక మందు సీసాకి గీతలు గీసి ఇచ్చాను. జూన్ మొదటి వారంలో వంశధార మొగ దగ్గర, వల లేకుండా, రోజూ గంటన్నర చొప్పున సగం థ్రాటిల్ మీద, వేగం మారుస్తూ నడిపించాం. ఒకే వేగం మీద ఉంచితే రింగులు సరిగ్గా కూర్చోవు. ఒడ్డుకి రాగానే డ్రమ్ములో పెట్టి మంచినీళ్లతో పది నిమిషాలు కడగడం, ఇది ఇప్పుడు మా మేనల్లుడి పని.

ఖర్చు రాస్తున్నాను, చాలామంది అడుగుతారు. పిస్టన్ సెట్లు రెండు 5,200, బోరింగ్ హోనింగ్ 1,400, ప్యాకింగులు సీళ్లు 2,100, థర్మోస్టాట్ 900, పంపు రబ్బరు 750, విరిగిన బోల్టు మర 300, ప్లగ్గులు ఆయిల్ గ్రీజు 1,500. మొత్తం 12,150 రూపాయలు, నా కూలి కాక. బావ దగ్గర కూలి ఎలాగూ తీసుకోను.

జూన్ 15 తెల్లవారుజామున మొదటి వేటకి వెళ్లారు. మధ్యాహ్నం దాకా నేను ఒడ్డునే ఉన్నాను. వాళ్లు వస్తుంటే కనిపించకముందే ఇంజన్ శబ్దం వినిపించింది, గొంతు ఎక్కడా మారలేదు.

పది గంటలు పూర్తయ్యాక మళ్లీ పెరట్లోకి తెప్పించి చూశాను. రెండు ప్లగ్గులూ ఒకే గోధుమ రంగు. హెడ్ బోల్టులు ఇంకో విడత బిగించాను. గేరు ఆయిల్ దింపితే మాత్రం కాస్త పాల రంగు తిరిగింది, నీళ్లు చేరుతున్నాయి. ప్రొపెల్లర్ తీస్తే షాఫ్టు చుట్టూ వల దారం ముడి పడి సీలుని కోసేసింది. కొత్త సీలు మంగళవారం బస్సులో వస్తుంది, అప్పటిదాకా తెప్ప ఒడ్డునే.